ముప్పై ఒక్క చుక్కలు

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను ఇచ్చిన ఇంటర్వ్యూలు రెండే. మొదటిదానిలో డాక్టరు గారు అడిగిన ప్రశ్న ఒక్కటి: "నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతయా?" తిరగవన్నాను. ఆ ఒక్క మాటతో జనగామలోని పన్నెండు మంచాల చిన్న నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్ళు పనిచేశాను. రెండో ఇంటర్వ్యూ భూపాలపల్లిలో. దానికోసం ఇరవై మూడు రోజులు చదివాను, నూట నలభై ప్రశ్నలకు జవాబులు రాసుకున్నాను, ఒక ట్రాక్టరు ఎక్కాను, నలుగురు ఆడవాళ్ళను నిండా ముంచాను. నిరుడు మోకాళ్ళు మొరాయించి ఉద్యోగం మానేసేదాకా, ఇంటర్వ్యూకు ఎట్లా తయారు కావాలని ఏ కొత్త నర్సు అడిగినా ఈ సంగతే చెప్పేదాన్ని. ఎప్పుడూ పూర్తిగా చెప్పలేకపోయాను. సగంలో నవ్వు ఆగేది కాదు. కాగితం మీదైతే నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

తెలంగాణ కోసం ఊరూరా జనం రోడ్డెక్కిన రోజులవి. ఈ రోజు బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రైళ్ళు ఆపుడు. జనగామ, మేం మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్, భూపాలపల్లి, మూడూ అప్పటికి ఒకే జిల్లా. ఆ మధ్యలోనే మా డాక్టరు గారు వయసు మీదపడిందని, వచ్చే నెలాఖరుకు నర్సింగ్ హోమ్ మూసేస్తానని చెప్పారు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఇంట్లో నేను, మా అమ్మ. సంపాదించేది నేను. జనగామలో మిగిలిన దవాఖానలు ఏడు. ఏడింటికీ వెళ్ళి అడిగాను. ఏడింటిలోనూ పాతికేళ్ళ పిల్లలే కావాలన్నారు. అప్పుడు కనబడింది పేపర్లో ప్రకటన: భూపాలపల్లిలో వంద మంచాల కొత్త ఆసుపత్రి, అందులో కొత్త వార్డుకు నర్సులు నలుగురు కావలెను, వయసు నలభై లోపు. దరఖాస్తు పంపాను. పిలుపు వచ్చింది. ఆ ఉత్తరం మీద నా నంబరు పద్నాలుగు, అదే ఆఖరుది. నాలుగు ఉద్యోగాలకు పద్నాలుగు మంది, అంటే ఒక్కో కుర్చీకి ముగ్గురున్నర.

నాకు అంకెల పిచ్చి ఉందని ముందే చెప్పుకోవాలి. బడిలో పుట్టింది కాదు అది. పదో తరగతిలో లెక్కలు రెండుసార్లు తప్పాను. నర్సింగ్ హోమ్‌లో చేరాక అంకెలు వాటంతటవే నా వెంటపడ్డాయి. మా సీనియర్ సిస్టర్ ఏ సీసాకు ఎన్ని చుక్కలు పెట్టాలో నోటికి చెప్పేది. సెలైన్ గొట్టం మధ్యలో గాజులాంటి చిన్న గది ఉంటుంది కదా, అందులో నిమిషానికి పడే చుక్కలు. ఆమె చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ పోయాను. మూడో నెలలో అందులో ఒక దారి దొరికింది. గంటకు ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కాలో చూసి, దాన్ని నాలుగుతో భాగిస్తే నిమిషానికి పడాల్సిన చుక్కలు వచ్చేస్తాయి. ఎందుకు నాలుగు? తెలియదు. పదకొండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. తప్పని లెక్కను ఎందుకని ఎవరు అడుగుతారు?

మధ్యాహ్నం రోగులు కునుకు తీసే వేళ మా సీనియర్ సిస్టర్ నాకు ఇంటర్వ్యూ నేర్పేది. మెడలో స్టెతస్కోపు వేసుకుని, ఎత్తు స్టూలు మీద కూర్చుని, పెద్ద డాక్టరులా గొంతు మార్చేది.

"మీ బలహీనత ఏమిటి?"

"మోకాళ్ళు, సిస్టర్."

"అది కాదే పిచ్చిదానా! పనిల పడితే తిండి కూడ యాదికుండదు అని చెప్పాలె."

"నేనెప్పుడు మర్చిపోయిన సిస్టర్ తిండి?"

పక్కన మందుల అలమర సర్దుతున్న కాంపౌండర్ అన్న అందుకున్నాడు. "అది మరుస్తదా సిస్టర్? మొన్న నా టిఫిన్ డబ్బ గూడ కాళీ చేసింది."

"నువ్వు జర నోర్ముయ్యన్నా. ఆఁ, ఇప్పుడు చెప్పు. ఉన్న కొలువు ఎందుకు ఇడిసిపెడుతున్నవ్?"

"నేను ఇడుస్తలేను సిస్టర్. అదే నన్ను ఇడుస్తున్నది."

సిస్టర్ స్టూలు దిగి వచ్చి నెత్తిన ఒక్కటి మొట్టింది. ఆ రోజుకు పాఠం అక్కడితో ఆపేసింది. ఆమెకూ నెలాఖరే ఆఖరు కదా. ఆమెకు యాభై ఆరు, ఆమెను పిలిచే ప్రకటనలే లేవు. అయినా మర్నాడు మళ్ళీ స్టూలు ఎక్కింది.

ఇంటర్వ్యూ రోజు ఉదయం అయిదున్నరకు బస్సెక్కాను. గంజి పెట్టిన తెల్ల చీర, గుండెలకు అదుముకున్న ప్లాస్టిక్ ఫైలు, అందులో సర్టిఫికెట్లు ఆరు. ఇంటర్వ్యూ పదకొండింటికి. పరకాల దాటాక పెద్ద రోడ్డు మీద రాస్తారోకో ఉందని తెలిసి డ్రైవరు బస్సును చిట్యాల వైపు తిప్పాడు. తెలివైన పని అనుకున్నాం. చిట్యాలలో అంతకంటే పెద్దది నడుస్తోంది. వంటావార్పు. రోడ్డు నడిమధ్య రాళ్ళు పేర్చి ఏడు పొయ్యిలు పెట్టారు. అన్నం ఉడుకుతోంది, పప్పు కుతకుతమంటోంది, ఒకామె చింతపండు పిసికి పచ్చిపులుసు కలుపుతోంది. ఆ రోజుల్లో అదొక పద్ధతి. రోడ్డు మీదే వండాలి, రోడ్డు మీదే తినాలి, వచ్చిన బండిని ఆపి అందులోని వాళ్ళకూ పెట్టాలి.

బస్సు దిగి చూద్దును కదా, నాతో పాటు ప్లాస్టిక్ ఫైళ్ళు అదుముకుని దిగినవాళ్ళు ఇంకా నలుగురున్నారు. అయిదు ఫైళ్ళు, అయిదు గంజి చీరలు. ఒకరినొకరు పైనుంచి కిందికి చూసుకున్నాం.

"మీరు గూడ దవాఖాన ఇంటర్వ్యూకేనా?" అని అడిగింది అందరిలో పెద్దావిడ. నాకంటే ఏడాది పెద్దది, బయ్యారం మనిషి. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు మానుకోటలో ఒకే చోట పనిచేస్తున్న స్నేహితురాళ్ళు. మూడోది మా జనగామ పక్కనున్న బచ్చన్నపేట పిల్లే, అప్పుడే చదువు ముగించింది.

అందరం కలిసి అక్కడ పెద్దమనిషిలా తిరుగుతున్న ఒకాయన దగ్గరికి వెళ్ళాం. భుజాన గులాబీ కండువా, చేతిలో గరిటె.

"అన్నా, మాకు ఇంటర్వ్యూ ఉన్నది. జర దారియ్యరాదే" అంది బయ్యారం అక్క.

"రాష్ట్రమొస్తే కొలువులే కొలువులు చెల్లె. గిప్పుడేం తొందర?"

"రాష్ట్రమొచ్చేదాక ఆళ్ళు ఆగుతరా అన్నా? పదకొండు గంటలకే రమ్మన్నరు."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు. "దవాఖాన పనంటే మేం అడ్డం రాము. గని చిట్యాలకచ్చి తినకుంట పోతే మా ఇజ్జత్ ఏం గావాలె? కూసోండ్రి. తినేలోపల ట్రాక్టర్ పిలిపిస్త."

తిన్నాం. గంజి చీరలు ముడతలు పడకుండా గొంతుక్కూర్చుని, ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. పచ్చిపులుసు మాత్రం నేను రెండోసారి పోయించుకున్నాను. ట్రాక్టరు రాగానే "జై తెలంగాణ" అని గట్టిగా అనందే కదలనివ్వమన్నారు. అయిదుగురం అన్నాం. వినబడలేదన్నారు. మళ్ళీ అన్నాం. మూడోసారి వాళ్ళు అడగకుండానే అన్నాం.

ట్రాలీలో గడ్డి పరిచి కూర్చోబెట్టారు. భూపాలపల్లి ఇంకా పాతిక కిలోమీటర్ల పైమాటే. నేను అలవాటుగా లెక్క తీశాను. పద్నాలుగు మందిలో ఎంతమంది ఈ రోడ్లు దాటి చేరతారు? అటు పెద్ద రోడ్డు మూసుంది. ఇటు వచ్చింది మేం అయిదుగురం. నాలుగు ఉద్యోగాలు, అయిదుగురు మనుషులు. ఆ మాట పైకి అనేశాను కూడా.

"అంటే ఒక్కలే ఇంటికి పోతరు" అంది బచ్చన్నపేట పిల్ల.

అందరం నవ్వాం. నవ్వి, ఒకరి ముఖం ఒకరం చూడకుండా గడ్డి సర్దుకున్నాం.

కాసేపటికి బయ్యారం అక్కే మొదలుపెట్టింది. "నాకు అన్నీ వస్తయి గని, ఆ సెలైన్ చుక్కల లెక్క ఒక్కటి బుర్రకెక్కదు. పుస్తకంల సూత్రం చూస్తెనే పరేషాన్ అయితది."

"సూత్రం దేనికక్కా? గంటకెంతనో చూసి నాలుగుతోటి భాగించుడే."

"గంతేనా?"

"గంతే. అయిదు వందల సీసా నాలుగు గంటలల్ల పోవాలె. గంటకు నూట ఇరవై అయిదు. నాలుగుతోటి భాగిస్తే ముప్పై ఒకటి. పావు చుక్క మిగుల్తది, దాన్ని ఇడిసెయ్."

నలుగురూ దగ్గరికి జరిగారు. వెయ్యి సీసా ఎనిమిది గంటలు, అయిదు వందలు ఆరు గంటలు, వరసగా లెక్కలు ఇచ్చాను. ట్రాక్టరు గుంతలో పడ్డప్పుడల్లా అందరం ఎగిరి, కింద పడుతూ జవాబు అరిచేవాళ్ళం. "ముప్పై ఒకటీ!" "ఇరవై ఒకటీ!" పత్తి చేలల్లో పనిచేసేవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. ఇది కూడా ఉద్యమం నినాదమే అనుకున్నారేమో, ఒకాయన పిడికిలి ఎత్తి బదులు కూడా ఇచ్చాడు.

పోటీకి వచ్చినవాళ్ళకు ఎందుకు నేర్పావని తర్వాత చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే, పదకొండేళ్ళుగా నా సొంత తెలివి అని నేను దాచుకున్నది అదొక్కటే. అంతవరకు ఎవరూ దాన్ని నన్ను అడగలేదు. అడిగితే ఆగలేకపోయాను.

పన్నెండుంబావుకు ఆసుపత్రి చేరాం. రోడ్లు మూసున్నాయని తెలిసి వాళ్ళూ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇంకెవరూ రాలేదు. నడవాలో బెంచీ మీద కూర్చోబెట్టి నంబర్ల వరసలో పిలిచారు. నాది ఆఖరు. బచ్చన్నపేట పిల్ల లోపలికి వెళ్ళి పది నిమిషాల్లో ముఖం వెలిగిపోతూ వచ్చింది.

"అక్కా, అదే అడిగిండ్రు! అయిదు వందలు నాలుగు గంటలు! టక్కున చెప్పిన."

బయ్యారం అక్క వెళ్ళింది, వచ్చింది, నన్ను గట్టిగా వాటేసుకుంది. "నీ కడుపు సల్లగుండ, ముప్పై ఒకటి చెప్పిన!" మానుకోట స్నేహితురాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు. నాకు గాల్లో తేలినట్టుంది. నలుగురు మనుషులు నా లెక్క పట్టుకుని లోపలికి వెళ్తున్నారు. నేనే ప్రశ్నపత్రం రాసినంత గర్వం.

బెంచీ ఎదురుగా వార్డు తలుపు తీసి ఉంది. లోపల ఒకామెకు సెలైన్ ఎక్కుతోంది. చుక్కలు కనబడితే లెక్కపెట్టకుండా ఉండలేను కదా, లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. పదో చుక్క దగ్గర ఏదో తేడా అనిపించింది. చుక్క సన్నగా ఉంది. మా జనగామ చుక్క ఇంతకంటే బొద్దుగా, కాస్త ఆలోచించి పడుతుంది. ఇది చిన్నది. మంచం పక్క ట్రేలో ఆ గొట్టం తాలూకు ఖాళీ ప్యాకెట్ ఉంది. డ్యూటీ నర్సును అడిగి చేతిలోకి తీసుకున్నాను. దాని మీద రాసి ఉంది: ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు.

ఇరవై. గంటకు అరవై నిమిషాలు. అరవైని ఇరవైతో భాగిస్తే మూడు. అంటే ఇక్కడ మూడుతో భాగించాలి! మరి నా నాలుగు ఎక్కడిది? అరవైలో నాలుగో వంతు పదిహేను. జనగామలో మేం పదకొండేళ్ళు వాడింది ఒకే కంపెనీ గొట్టాలు, మిల్లీలీటరుకు పదిహేను చుక్కలవి. ఎందుకు నాలుగో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఎగిరి గంతేయాలన్నంత సంతోషం కలిగింది. సరిగ్గా అదే క్షణంలో ట్రాక్టరులో నేర్పిన లెక్క గుర్తుకొచ్చింది. ఇక్కడ జవాబు నలభై రెండు. ముప్పై ఒకటి పెడితే నాలుగు గంటల సీసా అయిపోవడానికి గంటా ఇరవై నిమిషాలు ఆలస్యం. బెంచీ మీద నలుగురూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊగుతున్నారు. నలుగురితోనూ తప్పు చెప్పించింది నేనే.

"పద్నాలుగో నంబరు!"

లోపల ఇద్దరున్నారు. ఆసుపత్రి పెద్ద డాక్టరు మన వైపు మనిషే. మేట్రన్ గారిది కోస్తా వైపు. తల నెరిసిన, తీరైన మనిషి. ఆమె ముఖంలో అలసట, డాక్టరు ముఖంలో ఆపుకుంటున్న నవ్వు.

"ఏమ్మా, నీదీ ముప్పై ఒకటేనా?" అంది మేట్రన్.

డాక్టరు అన్నారు, "నలుగురు వచ్చిండ్రు, నలుగురూ ముప్పై ఒకటే. నువ్వు గూడ అదే అంటే మళ్ళ పేపర్ల ప్రకటన ఇచ్చుకుంటం."

నలభై రెండు అంటే చాలు, ఉద్యోగం నాది. మిగిలిన నలుగురూ ఇంటికి. లెక్క అంత తేలిక. మూడు వారాలు సీనియర్ సిస్టర్ వల్లె వేయించిన జవాబులు ఒక్కటీ నోటికి రాలేదు.

"నలభై రెండు మేడం. గని ఆళ్ళ తప్పు కాదు, నాది. ట్రాక్టర్ల అచ్చుకుంట నేనే నేర్పిన. మా దవాఖానల పదిహేను చుక్కల గొట్టాలుండె. గొట్టం గొట్టానికి చుక్క మారుతదని నాకు ఇప్పుడే, మీ వార్డుల ప్యాకెట్ చూసినంకనే ఎరుకైంది. ఆళ్ళకు ప్యాకెట్ ఇచ్చి మళ్ళొకసారి అడగుండ్రి."

డాక్టరు ఇక ఆపుకోలేదు. "ట్రాక్టర్ల ట్యూషనా!" అని బల్ల మీద చేయి కొట్టి నవ్వారు. మేట్రన్ నవ్వలేదు. లేచి వెళ్ళి స్టోరులోంచి మూడు రకాల గొట్టాలు తెచ్చింది, పదిహేను చుక్కలది, ఇరవైది, పసిపిల్లలకు వాడే అరవై చుక్కలది. నలుగురినీ లోపలికి పిలిపించింది. వాళ్ళ ముందే మళ్ళీ ఒప్పుకున్నాను, నేను చెప్పింది తప్పని, ప్యాకెట్ చూసి అరవైని ఆ అంకెతో భాగించి, వచ్చినదానితో గంటకు ఎక్కాల్సిన మిల్లీలీటర్లను భాగించాలని. బయ్యారం అక్క నా వైపు చూసిన చూపుకు సెలైన్ సీసా పగిలేది.

"నీ నాలుగు పాడుగాను" అని గొణిగి, ప్యాకెట్ అందుకుంది. ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క. ఒక్కరూ తప్పలేదు. పిల్లల గొట్టానికైతే గంటకెంతో నిమిషానికీ అన్నే చుక్కలని బచ్చన్నపేట పిల్ల భాగించకుండానే చెప్పేసింది.

వాళ్ళను బయటికి పంపి, మేట్రన్ నన్ను ఉండమంది.

"నలుగురికీ వచ్చింది, పోస్టులూ నాలుగే. నువ్వు నిజం చెప్పావు, మంచిదే. కానీ ఎందుకో తెలియకుండానే ఒక లెక్కను పదకొండేళ్ళు మనుషుల ఒంట్లోకి ఎక్కించావు. అది చాలక నలుగురికి అంటగట్టావు. నిన్ను ఎలా తీసుకోమంటావమ్మా?"

నా నూట నలభై ప్రశ్నల్లో ఇది లేదు. ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. తల దించుకోవాల్సింది. కానీ ఆమె వెనక గోడ మీద కొత్త వార్డు డ్యూటీ చార్టు ఉంది, అంకెలు గడుల్లో కూర్చుని ఉన్నాయి. నా కళ్ళు అక్కడికి పోయాయి. పోయి ఆగాయి.

"మేడం, గా కాగితం మీది లెక్క తప్పున్నది."

"ఏమిటి?"

"పొద్దుటికి ఇద్దరు, మాపటికి ఒకలు, రాత్రికి ఒకలు. రోజుకు నాలుగు డ్యూటీలు. వారానికి ఇరవై ఎనిమిది. మనిషికి వారంల ఒక దినం సెలవిస్తే ఆరే చేస్తది. నలుగురు కలిసి ఇరవై నాలుగు. మిగిలిన నాలుగు డ్యూటీలు ఎవరు చేస్తరు?"

డాక్టరు కుర్చీ తిప్పి చార్టు చూశారు, తర్వాత మేట్రన్‌ను చూశారు. "ఎవరు చేస్తరు మేడం?"

మేట్రన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేనే చేద్దామనుకున్నానండి. మిగతా వార్డుల్లోనూ అలాగే సర్దుకొస్తున్నాను."

"అందుకేనా ఆర్నెల్ల సంది మీకు ఒక్క ఆదివారం దొరుకుతలేదు?"

ఆమె అద్దాలు ఇంకా తుడుస్తూనే ఉంది. నేనే అన్నాను. "అయిదుగురుంటే ముప్పై, సార్. ఇరవై ఎనిమిది పోంగ రెండు మిగుల్తయి. ఎవరికన్న జరమొస్తే అక్కరకొస్తయి."

మేట్రన్ అద్దాలు పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఈ లెక్క ఎందుకో తెలిసే చెప్తున్నావా, ఇదీ అలవాటేనా?"

"దీనికి ఎందుకో తెలుసు మేడం."

డాక్టరు కాగితం మీద నాలుగును కొట్టేసి అయిదు వేశారు. నాకు ఆ గీత చప్పుడు కూడా వినబడింది. ఒకటో తారీఖు ఉదయం ఏడింటికి రావాలని మేట్రన్ చెప్పింది. గొట్టాల ప్యాకెట్లు అన్ని రకాలూ గోడకు అంటించి, వాటి పక్కన లెక్కలు రాయడం నా మొదటి పని అని కూడా చెప్పింది. ఆ ముఖంలో నవ్వు వచ్చిందో లేదో నేను ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను.

బయటికి వచ్చాను. బెంచీ మీద నలుగురూ ఏడుపు ముఖాలతో ఉన్నారు. తమకు వచ్చిందని వాళ్ళకు అప్పటికే అర్థమైంది, నాకు రాలేదని అనుకుంటున్నారు.

"ఏమన్నరే?" అంది బయ్యారం అక్క, తన ఉద్యోగంలో సగం నాకు ఇచ్చేసేలా ఉన్న గొంతుతో.

చేయెత్తి అయిదు వేళ్ళు చూపించాను.

తర్వాత ఎవరు ముందు అరిచారో ఎవరికీ గుర్తులేదు. బచ్చన్నపేట పిల్ల నన్ను ఎత్తబోయి తనే పడింది, మానుకోటవాళ్ళు "జై తెలంగాణ" అన్నారు, బయ్యారం అక్క నా వీపు మీద గుద్దింది, వార్డులో సెలైన్ ఎక్కుతున్నామె లేచి కూర్చుని చప్పట్లు కొట్టింది. ఇంటర్వ్యూ గది తలుపు దడాలున తెరుచుకుంది. గుమ్మంలో మేట్రన్.

"ఇది ఆసుపత్రి అనుకున్నారా, తిరునాళ్ళ అనుకున్నారా?"

అయిదుగురం తలలు వంచి వరసగా నిలబడ్డాం. ఉద్యోగంలో మేం తిన్న మొదటి చీవాట్లు అవే. చేరడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.